ఏటా మళ్లీ చదివే పుస్తకం: మరుపు చేసే మేలు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో రెండు రకాల చదువు పక్కపక్కనే నడుస్తుంది. ఒకటి కోచింగ్ సెంటర్లది. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో తయారయ్యే కుర్రాళ్లు పాలిటీ పుస్తకాన్ని నాలుగోసారో ఐదోసారో తిరగేస్తుంటారు. మొదటిసారి పసుపు హైలైటర్, రెండోసారి గులాబీ, మూడోసారి ఆకుపచ్చ. చివరికి పేజీలో రంగు అంటని వాక్యం ఉండదు. రెండోది అదే పేటలో ఉన్న పౌర గ్రంథాలయంలాంటి చోట్ల కనిపించే చదువు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట చదివేసిన నవల కోసమే మళ్లీ బీరువా వెతికే పాఠకుడిది. అతనికి పరీక్ష లేదు, కథ తెలుసు, అయినా ఆ పుస్తకమే కావాలి.

రెండింటికీ మనం వాడే మాట ఒకటే: మళ్లీ చదవడం. చిక్కంతా అక్కడే వస్తోంది. డిసెంబరు, జనవరి నెలలు వచ్చాయంటే ఫోన్లలో 'ప్రతి సంవత్సరం తప్పక చదవాల్సిన పుస్తకాలు' అంటూ జాబితాలు తిరుగుతాయి. అదే ఫోన్లో ఇంకో వీడియో వచ్చి, మళ్లీ చదవడం శుద్ధ దండగ, శాస్త్రవేత్తలే తేల్చేశారు అంటుంది. రెండిట్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. వీడియో గుర్తుపెట్టుకోవడం గురించి చెబుతోంది, జాబితా చదివే మనిషి గురించి.

క్లుప్తంగా

విషయం గుర్తుండాలంటే ఏడాదికోసారి మళ్లీ చదవడం పనికొచ్చే పద్ధతి కాదు. పరిశోధనలు చెప్పేదీ అదే. సాహిత్యాన్ని ఏటా మళ్లీ చదవడం వేరే పని. అక్కడ మరుపు అడ్డం కాదు, పెట్టుబడి. కథ చూచాయగా మిగిలి, వివరాలు జారిపోవడానికి ఏడాది సరిపోతుంది. అలాంటి చదువు సంకల్పం మీద కాకుండా తేదీ మీద నిలబడుతుందని మన ఇళ్లలోని వ్రతకథలు, పారాయణలు ఎప్పటినుంచో చూపిస్తున్నాయి. అన్ని మంచి పుస్తకాలూ ఏటా చదవడానికి తట్టుకోవు. తట్టుకునేవి కొద్ది.

పరీక్షకు పనికిరానిది

ముందు శాస్త్రవేత్తల మాట. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒక జట్టు వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ వ్యాసం పక్కనపెట్టి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం మిగిలింది. 2013లో జాన్ డన్‌లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతులను పరిశీలించి, మళ్లీ చదవడాన్నీ హైలైటర్ గీతల్నీ తక్కువ ప్రయోజనం ఉన్న పద్ధతుల్లోనే చేర్చింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాపులో రోజూ కనిపించే మనిషి మొహం బాగా తెలుసు. పేరేమిటంటే తెలీదు. మొహం తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు కదా. పేజీ కూడా అంతే. అయిదోసారి చదువుతున్నప్పుడు వాక్యం తడుముకోకుండా సాగిపోతుంది; ఆ సాగిపోవడాన్నే మెదడు 'వచ్చేసింది' అని లెక్కేసుకుంటుంది. పరీక్ష హాల్లో పేజీ ఎదురుగా ఉండదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఎడం విషయంలోనూ ఇలాంటి కొలతే ఒకటుంది. 2008లో నికొలస్ సెపెడా, హాల్ పాష్లర్ తదితరులు వెయ్యిమందికి పైగా జనంతో చేసిన ప్రయోగంలో, ఏడాది తర్వాత గుర్తుండాలంటే మొదటి చదువుకూ రెండో చదువుకూ మధ్య దాదాపు మూడు వారాల ఎడం ఉంటే మేలని తేలింది. అంటే జ్ఞాపకమే లక్ష్యమైతే పన్నెండు నెలల ఎడం మరీ ఎక్కువ. ఏటా ఒకసారి రాజ్యాంగం పుస్తకం చదివి గ్రూప్స్ రాస్తాననేవాడికి ఎవరూ భరోసా ఇవ్వలేరు.

వీడియోల్లో చెప్పేది ఇంతవరకు నిజం. అవి దాటవేసేది ఏమిటంటే, ఈ ప్రయోగాలన్నీ అడిగిన ప్రశ్న 'ఎంత గుర్తుంది' అన్నదొక్కటే. నవలో నాటకమో మళ్లీ తెరిచే మనిషిని ఆ ప్రశ్న అడిగేవాళ్లెవరూ లేరు.

ఏడాదిలో ఏం పోతుంది, ఏం మిగులుతుంది

మరుపును మొదటిసారి కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తానే బట్టీపట్టి, కొంత ఎడమిచ్చి మళ్లీ బట్టీపట్టాడు. రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, ఒక రోజు తర్వాత 34, నెల తర్వాత 21. ఈ అంకెల్లో జనం సాధారణంగా చూసేది మొదటి పతనాన్ని. దాని తర్వాత జరిగేది అంతకన్నా పనికొచ్చే సంగతి: రోజుకీ నెలకీ మధ్య పోయింది చాలా తక్కువ. పోవాల్సింది తొందరగా పోతుంది. మిగిలేది మొండిగా మిగులుతుంది.

మిగిలేది ఏమిటన్నది 1932లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ చూపించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకదాన్ని కేంబ్రిడ్జి విద్యార్థులతో చదివించి, కొన్ని రోజులకూ నెలలకూ మళ్లీ చెప్పమన్నాడు. వాళ్లు కథను మరిచిపోవడం ఒక్కటే చేయలేదు, తమ ఊరి కథలా మార్చేశారు. అర్థంకాని సంఘటనలు జారిపోయాయి. తెలిసిన కారణాలు వచ్చి చేరాయి. వింతైన పడవ మామూలు పడవైపోయింది. చదివిన పుస్తకం ఏడాది తర్వాత మన తలలో ఉండేది ఆ రూపంలోనే: కథ చూచాయగా, ఒకటి రెండు దృశ్యాలు గట్టిగా, మిగతాది మనం పూడ్చుకున్న మట్టి.

మళ్లీ చదవడంలో రుచి ఈ తేడా నుంచే వస్తుంది. పుస్తకంలో ఉన్నదానికీ తలలో ఉన్నదానికీ మధ్య ఏడాది పాటు పెరిగిన ఎడాన్ని పాఠకుడు ప్రతి పేజీలో తడుముకుంటాడు. వారం తర్వాత చదివితే ఆ ఎడం ఉండదు, విసుగు ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత చదివితే అది కొత్త పుస్తకమే. ఏడాది సరిగ్గా మధ్యలో ఉంది.

గురజాడ 'కన్యాశుల్కం' మొదటి దృశ్యాన్నే తీసుకుంటే సంగతి తేలిపోతుంది. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే నిలబడి తన ఇబ్బందులు చెప్పుకుంటాడు. పూటకూళ్లమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని పట్టుకెళ్లిన ఇరవై రూపాయలూ వేరేచోట ఖర్చయిపోయాయి, ఇక ఊళ్లో ఉంటే లాభం లేదు. మొదటిసారి చదివినవాళ్లు ఇక్కడ నవ్వుతారు, నవ్వాలి కూడా. నాటకం చివరిదాకా వెళ్లొచ్చినవాళ్లకు ఈ గిరీశం తర్వాత ఏం చేస్తాడో తెలుసు. వితంతువుల ఉద్ధరణ మీద ఉపన్యాసాలు దంచుతాడు, వితంతువైన బుచ్చమ్మను ఒప్పించి తీసుకొచ్చేస్తాడు, ఆఖరికి సౌజన్యారావు పంతులు ముందు దొరికిపోతాడు. అది తెలిసి మళ్లీ మొదటి పేజీకి వస్తే ఇరవై రూపాయల మాట ఇంకోలా వినిపిస్తుంది. ఆ పూటకూళ్లమ్మ కూడా వితంతువే. ఉద్ధరించేవాడు మొట్టమొదట ఎగ్గొట్టింది ఎవరి సొమ్మన్నది గురజాడ ఎక్కడా వేలుపెట్టి చూపించలేదు. చూపించకుండా మొదటి పేజీలోనే పెట్టేసి ఊరుకున్నాడు.

ముగింపు తెలిస్తే మజా పోతుందన్న భయం మనకు సినిమాల వల్ల ఎక్కువైంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ పన్నెండు కథలతో దీన్ని పరీక్షించారు. ముగింపు ముందే తెలిసినవాళ్లు కథను తక్కువ ఇష్టపడలేదు సరికదా, సగటున కాస్త ఎక్కువే ఇష్టపడ్డారు. తర్వాత చేసిన పరిశోధనల్లో దీనికి భిన్నమైన ఫలితాలు కూడా వచ్చాయి కాబట్టి దీన్ని వేదవాక్కు అనుకోనక్కర్లేదు. ఏం జరుగుతుందోనన్న ఆత్రం తగ్గితే ఎలా జరుగుతోందో చూసే తీరిక దొరుకుతుందన్న వివరణ మాత్రం పాఠకుల అనుభవానికి దగ్గరగా ఉంది.

చవితి నాటి కథ ఎవరికి తెలియదు?

ఏటా ఒకే కథ చదవడం తెలుగు ఇళ్లకు కొత్తగా నేర్పాల్సిన పనేం కాదు. వినాయక చవితి నాడు శ్యమంతకోపాఖ్యానం చదవని ఇల్లు అరుదు. సత్రాజిత్తుకు మణి దొరకడం, ప్రసేనుడు అడవిలో చనిపోవడం, కృష్ణుడి మీద నింద, జాంబవంతుడి గుహ అందరికీ తెలిసినవే. తెలిసిన కథ మళ్లీ ఎందుకని ఎవరూ అడగరు. చేతిలో అక్షతలు పట్టుకుని పిల్లలు ఉండ్రాళ్ల వైపు చూస్తూ కూర్చుంటారు. చదివే పెద్దాయన ఆఫీసుకు టైమవుతోందని ఒక పేజీ దాటేస్తే వెనకనుంచి నాయనమ్మ, "ఎలుగుబంటి ఏదిరా, గుహలోకి ఎప్పుడెళ్లాడు?" అని పట్టేసుకుంటుంది. ఆవిడ చేతిలో పుస్తకం ఉండదు.

కార్తీక పురాణం ముప్పై అధ్యాయాలు, నెలకు ముప్పై రోజులు, రోజుకొకటి. ధనుర్మాసంలో తిరుప్పావై ముప్పై పాశురాలు. చైత్రంలో వసంత నవరాత్రుల తొమ్మిది రోజులూ రామాయణ పారాయణ. భాగవత సప్తాహం ఏడు రోజులు. పరీక్షిత్తుకు మిగిలిన గడువు అంతే కాబట్టి. యూదులు తోరాను 54 భాగాలు చేసుకుని ఏడాది పొడవునా చదివి, చివరి భాగం ముగిసిన రోజునే మొదటి భాగం మొదలుపెడతారు. ఖురాన్‌ను ముప్పై భాగాలుగా రంజాన్ నెలలో పూర్తిచేసే ఆనవాయితీ ఉంది.

మతం సంగతి పక్కనపెట్టి వీటి కట్టుబాటును మాత్రమే చూస్తే కొన్ని ఏర్పాట్లు అన్నిట్లోనూ కనిపిస్తాయి. తేదీ ముందే ఖాయం. ఎప్పుడు చదువుదామన్న మీమాంస ఉండదు. రోజుకు ఎంతన్నది కూడా ఖాయం. పైకి చదువుతారు, పక్కన వినేవాళ్లుంటారు, తప్పు చదివితే పట్టుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ చదివేవాడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదు. అందుకే పుస్తకమంటే గిట్టని ఇళ్లలో కూడా ఈ చదువు ఆగలేదు.

మామూలు పుస్తకానికి ఈ ఏర్పాటు ఎందుకు లేకుండా పోయిందన్నదానికి చరిత్రకారులు ఒక వివరణ ఇచ్చారు. జర్మన్ చరిత్రకారుడు రోల్ఫ్ ఎంగెల్సింగ్ వాదన ప్రకారం, 18వ శతాబ్దం మధ్య దాకా యూరప్‌లో సామాన్యుల ఇళ్లలో ఉండేవి బైబిలు, పంచాంగం లాంటి ఒకటి రెండు పుస్తకాలే. వాటినే మళ్లీ మళ్లీ చదివేవారు. అచ్చు చవకయ్యాక, పత్రికలూ నవలలూ పెరిగాక, ఒకసారి చదివి పక్కనపడేసే అలవాటు వచ్చింది. మార్పు అంత ఒక్కసారిగా రాలేదని తర్వాతి చరిత్రకారులు ఆయన్ను విమర్శించారు. తెలుగు ఇళ్లలో అయితే రెండు అలవాట్లూ చాలాకాలం ఒకే అలమారలో ఉన్నాయి. వారపత్రిక సీరియల్ ఒకసారి చదివి ఎదురింటికి పంపేవారు. 'చందమామ' సంచికలు మాత్రం పన్నెండు కలిపి బైండు చేయించి దాచేవారు. ఆ బైండు పుస్తకాలను వేసవి సెలవుల్లో ఎన్నిసార్లు తిరగేశారో లెక్కలేదు. బేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడి జవాబు తెలిసినా సరే.

ఇప్పుడు వచ్చిన ఒత్తిడి ఇంకో రకం. ఏడాదికి యాభై పుస్తకాలు చదివానని లెక్క చూపించే పోటీలు ఆన్‌లైన్లో నడుస్తున్నాయి. లెక్క ముఖ్యమైనప్పుడు చదివేసిన పుస్తకం మళ్లీ తెరవడం నష్టంగా కనిపిస్తుంది. ఏటా చదవాల్సిన జాబితాలు దానికి వచ్చిన ఎదురుదెబ్బే కావచ్చు. కానీ అవి కూడా పది, ఇరవై అంటూ అంకెలతోనే మొదలవుతాయి.

తట్టుకునేవి, తట్టుకోనివి

ఏటా చదవడానికి గొప్పదనం ఒక్కటే చాలదు. విశ్వనాథ 'వేయిపడగలు' గొప్ప నవలే. వెయ్యి పేజీల పుస్తకాన్ని రోజుకు ఇరవై చొప్పున చదివినా యాభై రోజులు పడుతుంది. ఉద్యోగం, పిల్లలు, గాజువాక నుంచి సిరిపురం దాకా ట్రాఫిక్ ఉన్న మనిషి దాన్ని పదేళ్లకోసారి చదివితే చాలు. నిడివి చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ ఏటా చదవడం తప్పిపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం అదే.

డిటెక్టివ్ నవల ఇంకో రకంగా ఓడిపోతుంది. హంతకుడెవరన్న ఒక్క తాళం మీద పుస్తకమంతా వేలాడితే, తాళం తీశాక లోపల చూడ్డానికేం ఉండదు. రెండోసారి చదివితే రచయిత ఆధారాలు ఎక్కడ దాచాడో కనిపిస్తుంది, అది సరదాగానే ఉంటుంది. మూడోసారికి ఆ సరదా కూడా అయిపోతుంది.

జాబితాల్లో ఎక్కువగా కనిపించేవి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. అవి తరచూ ఒక్క మాటను ఇరవై అధ్యాయాలుగా చెబుతాయి కాబట్టి మళ్లీ చదువుతుంటే హాయిగా సాగిపోతాయి. హైలైటర్ కుర్రాడికి జరిగిందే ఇక్కడా జరుగుతుంది: సాగిపోవడం ఎదుగుదలలా కనిపిస్తుంది. ప్రతి జనవరిలో పొద్దున్నే లేవడం గురించి చదివేవాడు ఫిబ్రవరిలో ఎన్నింటికి లేస్తున్నాడన్నదే ఆ చదువుకు పరీక్ష.

తట్టుకునేవాటికి ఉత్తరాంధ్రలోనే మంచి ఉదాహరణలున్నాయి. విశాఖలో దశాబ్దాల పాటు బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చింది. ఒక పల్లెలో అప్పు తగువు, దాని మీద పంచాయితీ, చివర ఒక దారుణం. ఆ ముగింపు కథ చదవనివాళ్లకు కూడా తెలుసు, ఎందుకంటే అది సబబా కాదా అని విమర్శకులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. మొదటిసారి చదివేవాడు ముగింపు దెబ్బకు ఉక్కిరిబిక్కిరై పుస్తకం మూస్తాడు. రెండోసారి చదివేవాడు పంచాయితీలో ఆగుతాడు. ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు, న్యాయంగా వినిపించే మాట ఎవరికి లాభం, ఊరు బాగుపడిందని చెప్పుకునే ఆ బాగులో ఎవరి వాటా ఎంత? కథలో ఉద్రేకం లేని భాగం అదే, మళ్లీ మళ్లీ చదివించే భాగమూ అదే. ఒక మధ్యాహ్నంలో ముగిసిపోయే నిడివి మరో సౌకర్యం.

కవిత్వం లెక్క వేరు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాలు ఎక్కువ భాగం 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. వీటిని మరిచిపోవడానికి లయ ఒప్పుకోదు. ఏడాది తర్వాత చదివినా పంక్తులు నాలిక మీదే ఉంటాయి. అందువల్ల కవిత్వాన్ని మళ్లీ చదివేటప్పుడు జరగాల్సింది తిరగబడుతుంది: మరిచిపోయింది తెలుసుకోవడం కన్నా, అలవాటై అర్థం అరిగిపోయిన పంక్తిని ఆగి చదవడం. ఊరేగింపుల్లో అరిచి అరిచి నినాదాలైపోయిన గీతాల పక్కనే, అదే పుస్తకంలో, 'భిక్షువర్షీయసి' లాంటి నెమ్మదైన చిన్న గీతం ఉంది. దారి పక్కన చెట్టుకింద కూర్చున్న ముసలి బిచ్చగత్తె మీద రాసింది. ఏటా చదివేవాళ్లు ఆగాల్సిన చోటు అదే అనిపిస్తుంది.

ఊరు కదిలితే పుస్తకం కదులుతుంది

మళ్లీ చదివినప్పుడు పుస్తకంలో అక్షరం మారదు. మారేది చదివేవాడి వయసు, వాడి జేబు, వాడి ఊరు. ఈ మూడోది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ విశాఖలో అది చాలా పెద్దది.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1950ల చివర్లో వచ్చింది. విశాఖలో అద్దె ఇళ్లు, మెడిసిన్ చదువుతున్న కుర్రాడు, ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర. 1951 జనాభా లెక్కల్లో విశాఖ జనం లక్షకు కాస్త పైన. 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలు దాటారు. మధ్యలో రిఫైనరీ వచ్చింది, 1966లో ఉక్కు ఉద్యమం జరిగింది, దాని తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది, కొండల మీదికి ఇళ్లు పాకాయి. అప్పటి ఊరు ఆ నవలలో ఉన్నచోటే ఉండిపోయింది. ఏటా చదివే విశాఖ పాఠకుడికి నవల పక్కన ఒక కనిపించని మ్యాపు కూడా తెరుచుకుంటుంది. సాయంత్రం బీచికి నడిచి వెళ్లొచ్చేవాళ్లు ఎందరు, అద్దె ఇంట్లో పైవాటాకీ కిందివాటాకీ మధ్య ఎన్ని మాటలు నడిచేవి అని. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటివాళ్లకు తలూపి వచ్చినవాళ్లకు ఆ పేజీలు ఎప్పటికప్పుడు కొంచెం దూరం జరుగుతుంటాయి.

ఇందిర మాత్రం అందుకు వ్యతిరేక దిశలో దగ్గరవుతుంది. ఇరవై ఏళ్లప్పుడు చదివినవాళ్లకు ఆమె లెక్కలేనితనమో స్వార్థమో కనిపిస్తుంది. ఇల్లు నడిపి, ఎవరి మందులకో నెలనెలా డబ్బు సర్దిన వయసులో చదివితే ఆమె లెక్కలు అర్థమవుతాయి. నవల తీర్పు చెప్పకుండా వదిలేసిన చోట పాఠకుడి తీర్పు ఏటా అటూ ఇటూ ఒరుగుతుంది.

విశాఖలో వకీలుగా చేసిన రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యదీ ఇదే సంగతి. తలలో తిరిగే భయాలన్నీ వాక్యాలై పరుగెత్తే ఆ నవలను కాలేజీ రోజుల్లో చదివితే సుబ్బయ్య పిరికితనం మీద జాలో నవ్వో వస్తుంది. ఇంటి లోన్ ఈఎమ్ఐ మొదలయ్యాక, పై ఆఫీసరు పిలిచాడనగానే గుండె ఒక్కసారి దడదడలాడిన అనుభవం అయ్యాక చదివితే నవ్వు అంత సులువుగా రాదు.

ఏడాదిలో మనిషి అంతగా మారతాడా అన్నది న్యాయమైన అనుమానం. సాధారణంగా మారడు. అయిదు ఏళ్లు వరసగా ఏ తేడా లేకుండా చదివి, ఆరో ఏట ఒక చావు వల్లో బదిలీ వల్లో ఒక పేజీ ఉన్నట్టుండి కొత్తగా కనిపించవచ్చు. ఏటా చదవడంలో ఉన్న లాభం ఆ ఆరో ఏడు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియకపోవడం వల్లే. కొలబద్ద ప్రతిసారీ అదే అయినప్పుడే పెరిగింది తెలుస్తుంది. గోడ మీద పిల్లల ఎత్తు గీసే గీతలాంటిది ఇది.

పుస్తకం చేతిలో ఉండాలి

ఇవన్నీ జరగాలంటే పుస్తకం దొరకాలి. తెలుగులో ఇది చిన్న సమస్య కాదు. చాలా నవలలు ఒక ముద్రణ అయిపోయాక ఏళ్ల తరబడి కనిపించవు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఆన్‌లైన్లో ఉచితంగా చదువుకోవచ్చు. 1961లో పోయిన శ్రీదేవి నవలకు 2021తో గడువు తీరింది. 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 దాకా, 1993లో పోయిన రావిశాస్త్రికి 2053 దాకా హక్కులు వారసులవే. అంటే ఆ పుస్తకాలు షాపులో ఉంటాయా లేదా అన్నది ప్రచురణకర్త మళ్లీ అచ్చేస్తాడా లేదా అన్నదాని మీదే.

లైబ్రరీ ఒక దారి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టే నగరవాసికి అది హక్కు కూడా. కానీ ఏటా చదివే పుస్తకానికి లైబ్రరీ కాపీ అంతగా నప్పదు. అందులో గీత గీయకూడదు, మార్జిన్‌లో రాయకూడదు.

సొంత కాపీకి సముద్రం శత్రువు. విశాఖ గాలిలో తేమ, ఉప్పు ఏడాది పొడవునా ఉంటాయి. నాసిరకం కాగితంలోని ఆమ్లం తేమకు తొందరగా పనిచేసి అంచులు గోధుమరంగుకు తిప్పుతుంది. అయిదారేళ్లకు మూల మడిస్తే విరుగుతుంది. వెండిరంగు పురుగు బైండింగు జిగురు కోసం వెన్నులోకి దూరి, దారిలో అక్షరాలు కూడా తినేస్తుంది. గోడకు ఆనించిన బీరువాలో వెనక వరసకు బూజు ముందు పడుతుంది. గోడకూ బీరువాకూ మధ్య బెత్తెడు ఖాళీ వదలడం, వానాకాలం అయ్యాక ఒకసారి పుస్తకాలన్నీ తీసి నీడలో ఆరబెట్టడం వంటి పాత పద్ధతులకు మించినవి ఇంకా రాలేదు. ఏటా తెరిచే పుస్తకానికి ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. తెరిచి తిరగేసేదానికి పురుగు పట్టడం తక్కువ.

ఏం పోగొట్టుకుంటాం

మళ్లీ చదవడానికి ఖరీదుంది. నెలకో పుస్తకం చదివే మనిషి ఏటా నాలుగు పాతవే తెరిస్తే కొత్తవాటికి మిగిలేది ఎనిమిది. ఇది ఒక్కరి లెక్క. అందరి జాబితాల్లోనూ అవే పేర్లు తిరిగినప్పుడు ఇంకో నష్టం ఉంది. ఎవరి పుస్తకాలు మళ్లీ అచ్చవుతాయో, ఎవరి మీద సభలు జరుగుతాయో ఆ జాబితాలే నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో వచ్చిన పేర్లు కూడా ఎక్కువగా అందరికీ తెలిసినవే. ఇవాళ రాస్తున్న స్త్రీల కథలు, దళిత, ఆదివాసీ రచయితల కథలు మొదటి చదువుకే నోచుకోకపోతే రెండో చదువు ప్రశ్నే లేదు. కాబట్టి ఏటా చదివే పుస్తకం ఒకటి చాలు, మహా అయితే రెండు. పది పేర్ల జాబితా ఆచరణలో సున్నాకు సమానం.

ఆ ఒక్కటీ ఎంచుకోవడానికి పాత పద్ధతే దారి చూపిస్తుంది: తేదీ, రోజుకింత అనే కొలత. ఉదాహరణకు 'కన్యాశుల్కం' మలికూర్పులో ఏడు అంకాలున్నాయి. గురజాడ పుట్టినరోజు సెప్టెంబరు 21. ఆ రోజు మొదటి అంకం మొదలుపెడితే 27తో ఏడో అంకం పూర్తవుతుంది, సప్తాహం లెక్కకు సరిగ్గా సరిపోతుంది. నాటకం కాబట్టి ఇంట్లో ఇద్దరుంటే గొంతులు పంచుకుని పైకి చదవొచ్చు. విజయనగరం యాస తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే మధురవాణి మాటల్ని వాళ్లకు వదిలేయడం మంచిది.

పరీక్షల చదువు నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది, 2006 ప్రయోగంలో రెండో జట్టు చేసినది. పుస్తకం తెరవకముందు ఒక తెల్లకాగితం మీద, గిరీశం ఊరెందుకు వదిలాడో, బుచ్చమ్మ చివరికి ఎక్కడికి వెళ్లిందో, గుర్తున్నంత మటుకు రాసి, కింద సంవత్సరం వేసి, ఆ కాగితాన్ని చివరి పేజీలో పెట్టాలి. వచ్చే ఏడు పుస్తకం తెరిచినప్పుడు ముందు చదవాల్సింది దాన్నే. బార్ట్‌లెట్ విద్యార్థుల్లాగే మన తల కూడా ఏయే పడవలు మార్చేసిందో మన చేతిరాతలోనే కనిపిస్తుంది. కాగితానికి పెన్సిల్ వాడితే మేలు. విశాఖ తేమకు పెన్ను సిరా అలుక్కుపోతుంది.